పేరయ్య నడిచిన దారి: తెలుగు సంఘాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాస్టర్ అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, సువార్త కమిటీల సభ్యులకు,

మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

నేను ఒంగోలు దగ్గర ఒక పల్లె సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. ముప్పై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా నాయనమ్మ బైబిల్ స్త్రీ, అంటే ఇంటింటికీ వెళ్ళి బైబిల్ మాట చెప్పే సంఘ సేవకురాలు. భుజానికి గుడ్డ సంచి, చేతిలో నల్ల గొడుగు, సంచిలో బైబిలూ కీర్తనల పుస్తకం, దారిలో తినడానికి రెండు జొన్నరొట్టెలు. ఆమె ఎక్కిన వేదిక అంటూ ఒక్కటీ లేదు. మైకు పట్టుకున్నది కూడా లేదు. కానీ మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె కూర్చోని అరుగు లేదు. ఈ ఉత్తరం రాయడానికి ఆమే ఒక కారణం.

రెండో కారణం పోయిన వేసవిలో మా సంఘం పెట్టిన మూడు రాత్రుల సభలు. పెద్ద స్టేజీ కట్టారు, ఎల్‌ఈడీ తెర పెట్టారు, బయటి నుంచి ప్రసంగీకులను పిలిపించారు, ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. ఖర్చు లక్షలు దాటింది. నేనూ కానుక ఇచ్చాను, మూడు రాత్రులూ వెళ్ళాను, కాబట్టి ఇందులో నా భాగమూ ఉంది. సభలు అయిపోయాక ఆదివారం లెక్కలు చదివారు. అప్పుడు నా మనసులో ఒకే ప్రశ్న మెదిలింది: మన గుడి వెనక వీధిలోంచి ఎవరైనా వచ్చారా? వచ్చినవాళ్ళంతా చుట్టుపక్కల సంఘాల విశ్వాసులే. మైదానం గేటు దగ్గర మూడు రాత్రులూ మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మిన ఒక ఆమెతో మనలో ఎవరమూ పొత్తు ధర తప్ప వేరే మాట మాట్లాడలేదు. తరవాత నేను వెళ్ళి పలకరిస్తే ఆమె మొదట చెప్పిన మాట, "మీ సౌండ్‌కి మా మామగారికి మూడు రాత్రులూ నిద్ర లేదమ్మా" అని. ఆ పెద్దాయనకు గుండె జబ్బు.

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ బాధేసింది.

సభలే వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సువార్త మన ఊళ్ళకు ఎలా వచ్చిందో మనం మర్చిపోతున్నాం. మనకు మొదట చెప్పినవాళ్ళ పేర్లు వార్షికోత్సవ ప్రసంగాల్లో వల్లిస్తాం, ఫొటోలకు దండలు వేస్తాం, వాళ్ళు పనిచేసిన తీరు మాత్రం పక్కన పెట్టేశాం. అది మళ్ళీ మన కళ్ళ ముందుకు రావాలని నా కోరిక.

ముందు మా ఒంగోలు సంగతే చెబుతాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. అమెరికన్ బాప్టిస్టులు శామ్యూల్ డేను మన తెలుగువాళ్ళ దగ్గరకు పంపింది 1836లో. ఆయన నెల్లూరులో స్థిరపడింది 1840లో. ఆ తరవాత ఏళ్ళకేళ్ళు చెప్పుకోదగ్గ ఫలితం కనపడలేదు. డబ్బు పంపేవాళ్ళకు విసుగొచ్చింది. నెల్లూరు మిషన్ మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ పెట్టారు. 1853లో జరిగిన చర్చలో పటం మీద ఒంటరిగా ఉన్న ఆ ఒక్క గుర్తును చూపించి 'ఒంటరి నక్షత్రం' అన్నారు, అదే ఈ మిషన్‌కు పేరై నిలిచింది. ఆ తరవాత 1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేసింది ఐదుగురు: నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు తెలుగువాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. కొండ కింద అప్పటికి సంఘమూ లేదు, బంగళా కూడా లేదు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వాళ్ళు అడిగారు. జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చింది 1866లో. అంటే ఆ ప్రార్థనకు జవాబు కోసం పన్నెండేళ్ళు ఎదురుచూశారు. ఈరోజు మనం ఒక ఊళ్ళో ఆరు నెలలు పనిచేసి, లెక్కకు చూపించడానికి ఎవరూ దొరక్కపోతే, 'అక్కడ నేల గట్టిది' అని రిపోర్టు రాసి ఇంకో ఊరికి వెళ్ళిపోతాం.

అయితే క్లౌ దొరగారు రాకముందే సువార్త మా ప్రాంతంలోకి వచ్చేసింది. తెచ్చినవాడు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు నలభై మైళ్ళ దూరంలో తాళ్ళకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. దేవుడి కోసం వెతికిన మనిషి. ఒక గురువు దగ్గర యోగం నేర్చుకున్నాడు, తనకు తెలిసింది నలుగురికీ చెప్పేవాడు కూడా. వ్యాపారం పని మీద ఉత్తరానికి, ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల నోట క్రీస్తు మాట విన్నాడు. విన్నది మనసులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. 1866 మార్చిలో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ జ్యూయెట్ దొరగారి చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరవాత ఆయన ఏ జీతమూ అడగలేదు, ఎవరో పంపాలని ఎదురుచూడలేదు. తనకు పరిచయమున్న ఊళ్ళన్నీ తిరిగాడు. తోళ్ళ వ్యాపారిగా ఎవరి ఇళ్ళకు వెళ్ళేవాడో వాళ్ళ ఇళ్ళకే వెళ్ళాడు.

1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి చుట్టుపక్కల ఊళ్ళ జనం తిండీ పడకా మూటగట్టుకుని వచ్చి ఒక చింతతోపులో కూర్చుని ఉన్నారు. ఐదు రోజులు అక్కడే ఉండి వాళ్ళతో మాట్లాడారు. చివరికి ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొరగారు ఆ ఊళ్ళో కొత్తగా విత్తింది తక్కువ. పేరయ్య తొమ్మిది, పది నెలలు తిరిగి పండించిన పంట దగ్గరకు ఆయన వచ్చారు.

అయ్యగార్లూ, ఈ కథలో మనం ఒక సంగతి గమనించాలి. పేరయ్య సువార్త విన్నది బతుకుతెరువు కోసం తిరుగుతూ ఉన్నప్పుడు. చెప్పింది కూడా అదే దారిలో, తన వాళ్ళకే. అపొస్తలుల కార్యాల గ్రంథం పదకొండో అధ్యాయం తీసి చూడండి. అంతియొకయలో సంఘం ఎలా పుట్టింది? స్తెఫను విషయంలో కలిగిన హింసకు చెదిరిపోయినవాళ్ళు, కుప్ర, కురేనే ప్రాంతాలవాళ్ళు కొందరు అక్కడికి వచ్చి గ్రీకువాళ్ళతో మాట్లాడారు. వాళ్ళ పేర్లు కూడా ఆ గ్రంథం రాసిన లూకా రాయలేదు. బర్నబా, పౌలు ఆ ఊరికి వచ్చింది ఆ తరవాతే. మొదట క్రైస్తవులు అన్న పేరు పెట్టింది ఆ సంఘానికే. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు డేరాలు కుట్టుకుంటూ కొరింథులో, ఎఫెసులో ఇల్లు తెరిచిపెట్టారు. పేరయ్య తోళ్ళ మూట, వాళ్ళ డేరా గుడ్డ ఒకే పనికి పనికొచ్చాయి.

ఇప్పుడు మన సంఘాల పిల్లలను చూడండి. మా ఊరి యువకుల్లో సగం మంది హైదరాబాద్‌లో తాపీ పనికో, టైల్స్ పనికో వెళ్ళారు. కొందరు చెన్నైలో కంపెనీల్లో ఉన్నారు, కొందరు కువైట్, దుబాయ్ వెళ్ళారు. ఆడపిల్లలు నర్సులుగా ఎక్కడెక్కడో పనిచేస్తున్నారు. వీళ్ళంతా దారిలో ఉన్న మనుషులు. వీళ్ళు ఊరొదిలి వెళ్ళేటప్పుడు మనం ఏం చేస్తున్నాం? రిజిస్టర్‌లో పేరు పక్కన 'ఊళ్ళో లేరు' అని రాసుకుంటున్నాం. నెల నెలా కానుక పంపమని ఫోన్ చేస్తున్నాం. నువ్వు వెళ్ళే చోట నువ్వే సాక్షివి, నీ గదిలో ఉండేవాళ్ళతో ఎలా బతకాలి, వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి అని ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి మాట్లాడామా? బిషప్ అజరయ్య గారు దోర్నకల్‌లో బాప్తిస్మం ఇచ్చేటప్పుడు, కొత్తగా నమ్మినవాళ్ళు తమ తల మీద చేయి పెట్టుకుని, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని చెప్పాలన్న నియమం పెట్టారు. అక్షరం ముక్క రాని కూలీలు కూడా ఆ మాట చెప్పి, ఇళ్ళకు వెళ్ళి, చుట్టాలకు చెప్పారు. సువార్త పాస్టరు గారి ఉద్యోగం అనుకునే అలవాటు మనకు తరవాత అంటింది.

అజరయ్య గారి పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఆయన తమిళుడు, తిరునల్వేలి జిల్లావాడు. అక్కడి విశ్వాసులే 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, తమ కానుకలతో మన తెలుగువాళ్ళ దగ్గరకు మనుషులను పంపారు. ఆయన 1909లో తానే దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్‌లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరోలో మిషనరీల పెద్ద మహాసభలో నిలబడి, మీరు మా కోసం ఎన్నో త్యాగాలు చేశారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని తెల్లదొరల ముందే అడిగారు. సేవ చేస్తూ కూడా మనిషిని మనిషిగా దగ్గరకు రానివ్వకపోవచ్చని ఆయన చూశారు. ఆ మాట నేను తరచూ తలుచుకుంటాను. మనం మన హిందూ, ముస్లిం పొరుగువాళ్ళకు ఏమిస్తున్నాం? క్రిస్మస్‌కు కేకు పంపుతాం. వాళ్ళింట్లో పెళ్ళికి వెళ్ళి కూర్చుంటున్నామా? వాళ్ళ అమ్మ పోతే పన్నెండో రోజు దాకా రోజూ వెళ్ళి పలకరిస్తున్నామా?

ఇక అసలు సంగతికి వస్తాను. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువు గురించి మీ అందరికీ తెలుసు. ధాత కరువు అంటారు. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తం మాడిపోయింది, లక్షల మంది చనిపోయారు. సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్వించే పని పెట్టింది. క్లౌ దొరగారికి సర్వే పని తెలుసు. ఆయన కొన్ని మైళ్ళ కాలువ కాంట్రాక్టు తీసుకుని వేల మందికి పని చూపించారు. మన బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. మధ్యాహ్నం పని ఆపినప్పుడు, ప్రయాసపడి భారం మోసే వాళ్ళను రమ్మన్న ప్రభువు మాట చెప్పేవారు. తట్టలు మోసి, భుజాలు పుండ్లు పడ్డవాళ్ళకు ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి. వందల మంది వచ్చి బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

ఆయన ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు.

ఎందుకంటే ఆయన చేతిలో కూలి డబ్బులు ఉన్నాయి, సాయం నిధులు ఉన్నాయి. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదు, వాళ్ళ మనసులో కూడా ఆ అనుమానం మిగలకూడదు. కాలువ పని అయిపోయింది. చేతిలో ఉన్న నిధులు ఇంకా పంచుతూనే ఉన్నారు. అప్పటికీ జనాన్ని రావద్దనే చెప్పారు. అయినా వచ్చారు. మాకు సాయం వద్దు, మేం పనిచేసి బతికామనడానికి మా అరచేతుల బొబ్బలే సాక్ష్యం, మళ్ళీ పంట పోతే చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారట. క్లౌ దొరగారే తన ఆత్మకథలో ఇది చెప్పుకున్నారు.

1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య మన సంఘాల్లో చిన్న పిల్లలకు కూడా నోటికి వస్తుంది. వార్షికోత్సవాల్లో మనం బ్యానర్ మీద రాసేది ఈ సంఖ్యనే. దాని వెనక ఉన్న పదిహేను నెలలను మాత్రం ఏ బ్యానర్ మీదా నేను చూడలేదు. ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా. ఏ ఊరి జనం గురించి ఆ ఊరు తిరిగిన బోధకుడే పూచీ పడ్డాడు, ఎందుకంటే వాళ్ళ ముఖాలు, వాళ్ళ ఇళ్ళు ఆయనకే తెలుసు.

దీన్ని ఇప్పటి మన పద్ధతుల పక్కన పెట్టి చూడండి. తుఫాను వచ్చినప్పుడు, కరోనా సమయంలో మనం బియ్యం సంచులు పంచాం. మంచి పని. కానీ కొన్ని చోట్ల సంచి అందుకుంటున్న మనిషిని కెమెరా వైపు తిరగమన్నారు, ఆ ఫొటోలు బయటి దాతలకు వెళ్ళాయి. కొన్ని చోట్ల సంచి ఇచ్చేముందు అరగంట ప్రసంగం వినిపించారు. ఆకలితో ఉన్న మనిషి వినక ఏం చేస్తాడు? మన మీద నింద వేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, అప్పుడూ ఉన్నారు. వాళ్ళకు భయపడమని నేను అనడం లేదు. ఆ మనిషి రేపు నిజంగా నమ్మినా, నేను అన్నం కోసం వచ్చానేమో అన్న సిగ్గు ఆయన లోపల ఉండిపోతుంది. ఆ సిగ్గు మనం పెట్టిందే అవుతుంది. కాబట్టి మీ అందరినీ వేడుకుంటున్నాను: సాయం చేసే చోట సాయమే చేద్దాం. ఏ షరతూ లేకుండా, ఫొటో లేకుండా. ఎవరైనా బాప్తిస్మం అడిగితే, సాయం పూర్తిగా అయిపోయి నెలలు గడిచేదాకా ఆగుదాం. మన సంఘాల నియమావళిలోనే ఇది రాసుకుందాం. స్వస్థత సభల్లో నూనె సీసాలు అమ్మడం, మందులు మానేయమని చెప్పడం కూడా ఇలాంటిదే. గుంటూరులో అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883 నుంచి దాదాపు జీవితాంతం ఆడవాళ్ళకు వైద్యం చేసింది, ఆసుపత్రి కట్టింది. ఆమె ప్రార్థన చేసేది, మందూ ఇచ్చేది. ఈ రెండింటికీ మధ్య గొడవ ఆమెకు ఎప్పుడూ రాలేదు.

కులం గురించి మాట్లాడకుండా ఈ ఉత్తరం ముగిస్తే అది నిజాయితీ అనిపించుకోదు. ఒంగోలులో మొదటి రోజుల్లో పై కులాలవాళ్ళు కొందరు క్లౌ దొరగారి దగ్గరకు వచ్చేవారు, వాళ్ళ పిల్లలు బడిలో చేరారు. మాదిగలను చేర్చుకుంటే మేం రాం అన్నారు. సంఘానికి పేరూ బలమూ వాళ్ళ వల్లే వస్తాయని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు, బైబిల్ తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే చోటు తగిలిందట: దేవుడు లోకంలో నీచులైనవారిని, తృణీకరించబడినవారిని ఏర్పరచుకున్నాడన్న మాట. తలుపు మూయలేదు. పై కులాలవాళ్ళు వెళ్ళిపోయారు. మన సంఘాలు ఆ తలుపులోంచి వచ్చినవే.

ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళకు సుఖమేమీ దొరకలేదు. వాళ్ళ దగ్గర అడిగింది మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఆ మూడు మాటల వెనక ఊరి వ్యవస్థ మొత్తం ఉంది. జాతరలో తప్పెట కొట్టం అంటే ఊరి పెద్దలు ఊరుకోలేదు. బావి దగ్గరకు రానివ్వలేదు, పని ఇవ్వలేదు, కొట్టారు. అయినా నిలబడ్డారు. ఇప్పుడు వాళ్ళ మనవళ్ళం, మునిమనవళ్ళం మనం. మాల సంఘం, మాదిగ సంఘం అని ఒకే ఊళ్ళో రెండు గుళ్ళు కట్టుకున్నాం. ఏ కులం పాస్టరు వస్తాడన్న దాని మీద ఎన్నికల్లో కొట్లాడుకున్నాం, కోర్టులకెక్కాం. పెళ్ళి సంబంధం దగ్గర కులం అడుగుతున్నాం. ఇలాంటి సంఘం బయటివాళ్ళకు ఏ శుభవార్త చెబుతుంది? ఇది నా మనసును అన్నిటికన్నా ఎక్కువ కుంగదీసే విషయం. సువార్త కమిటీ చేయాల్సిన మొదటి యాత్ర పక్క గుడికి అని నాకు అనిపిస్తుంది.

మిషనరీలను దేవుళ్ళను చేయాలని నేను రాయడం లేదు. వాళ్ళు ఆ కాలపు పాలకుల నీడలో వచ్చారు. మన పండగలను, మన ఆచారాలను తక్కువ చేసి రాసినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. మంచి చెడ్డ తెలుసుకోకుండా పాత పాటలను, వాయిద్యాలను ఊరి బయటికి తోసేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకోకూడనిది అదే. మన వేదికల మీద నుంచి పొరుగువాళ్ళ దేవుళ్ళను వెక్కిరించే ప్రసంగాలు విన్నప్పుడు నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. పౌలు ఏథెన్సులో విగ్రహాలను చూసి లోపల మండిపోయాడని ఉంది. అయినా నోరు తెరిచినప్పుడు మర్యాదగా మొదలుపెట్టాడు, వాళ్ళ కవుల మాటే ఎత్తాడు. మన రాజ్యాంగం 25వ అధికరణంలో మనకు నమ్మే హక్కు, ప్రకటించే హక్కు ఇచ్చింది. అదే హక్కు పక్కింటివాళ్ళకూ ఉంది.

ఆ మిషనరీల్లో మంచివాళ్ళు మన భాష ముందు ఎంత తల వంచారో కూడా చెప్పుకోవాలి. బెంజమిన్ షుల్జ్ మద్రాసులో కూర్చుని 1720ల నుంచి ఏళ్ళ తరబడి బైబిల్‌ను తెలుగు చేశాడు. అది అచ్చు కూడా కాలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోయారు. ఐదేళ్ళే. 1836లో నరసాపురం వైపు వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు సామాన్య పనివాళ్ళు, గోదావరి డెల్టాలోనే ఉండిపోయారు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మనం ఈరోజుకీ పాడుతున్నాం, కారణం అవి తెలుగులోనే పుట్టాయి. మన పిల్లలకు ఇప్పుడు ఇంగ్లీషు వర్షిప్ పాటలు వస్తాయి, నాయనమ్మతో కూర్చుని పాడుకోవడానికి ఒక్క కీర్తన రాదు. సంఘంలో ఉన్న ముసలివాళ్ళ దగ్గర ఆ బాణీలు రికార్డు చేసి పెట్టండి, త్వరగా.

రిటైరైన నాలాంటి వాళ్ళకు ఒక మాట. గుంటూరులో 1842లో లూథరన్ పని మొదలుపెట్టిన హేయర్ దొరగారు తిరిగి అమెరికా వెళ్ళిపోయాక, రాజమండ్రి పనిని వదులుకోబోతున్నారని విని, డెబ్బై దాటిన వయసులో నేను వెళతానన్నారు, వచ్చారు కూడా. నాకింకా అరవై మూడే.

నేను కమిటీల ముందు పెడుతున్న విన్నపం చిన్నది. వచ్చే ఏడాది ఒక్క ఏడాది సభల బడ్జెట్ పక్కన పెట్టండి. ఆ డబ్బుతో నాలుగు జతల మనుషులను తయారు చేయండి. వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, ఎందుకంటే మధ్యాహ్నం పూట ఇళ్ళలో ఉండేది ఆడవాళ్ళే, వాళ్ళ బాధలు వినేది ఆడవాళ్ళే. బైబిల్ స్త్రీ అన్న ఉద్యోగాన్ని మనం మూలన పడేశాం, దాన్ని గౌరవమైన జీతంతో మళ్ళీ తీసుకురండి. ఒక్కో జతకు ఒక్కో వీధి లేదా ఒక్కో ఊరు. మొదటి ఆరు నెలలు ఏ ప్రసంగమూ చేయొద్దు. పేర్లు నేర్చుకోండి. ఎవరింట్లో డయాలసిస్ జరుగుతోంది, ఏ పిల్లకు పరీక్ష ఫీజు కట్టలేదు, ఏ ముసలాయన ఒంటరిగా ఉన్నాడు, ఇవి తెలుసుకుని చేయగలిగింది చేయండి. అడిగినవాళ్ళకు చెప్పండి. అడగనివాళ్ళను కూడా అదే ప్రేమతో చూడండి. రిపోర్టులో ఎంతమంది బాప్తిస్మం అన్న గడి కొట్టేయండి. ఏ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళారు అని రాయండి.

ఊళ్ళు దాటి వెళ్ళే పిల్లల కోసం ప్రతి సంఘంలో ఒక సాయంత్రం పెట్టండి. వెళ్ళేముందు చేతులుంచి ప్రార్థన చేసి, అంతియొకయ సంఘం బర్నబాను, పౌలును పంపినట్టు పంపండి. తాపీ మేస్త్రీ అయినా సరే, ఇంటి పనికి గల్ఫ్ వెళ్ళే అమ్మాయి అయినా సరే. ఆ దేశాల చట్టాలేమిటో, ఏది మాట్లాడొచ్చు ఏది మాట్లాడకూడదో కూడా ముందే చెప్పి పంపండి. అక్కడ నిజాయితీగా పనిచేసి, తోటివాళ్ళ కష్టంలో నిలబడితే అది చాలా పెద్ద సాక్ష్యం.

ఇది విన్నాక మీలో కొందరికి టెన్షన్ వస్తుందని తెలుసు. సభలు లేకపోతే సంఘం పేరు ఎలా వినపడుతుంది, దాతలకు ఏం చూపిస్తాం అని. 1854లో కొండ మీద ఉన్న ఐదుగురి దగ్గర కూడా చూపించడానికి ఏమీ లేదు.

మొక్కజొన్న పొత్తులు అమ్మే ఆమె దగ్గరకు నేను ఇప్పుడు వారానికి రెండుసార్లు వెళుతున్నాను. వాళ్ళ మామగారికి ఒంగోలులో గుండె డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, తోడు వెళ్ళాను. ఆమె కూతురు ఏడో తరగతి, లెక్కల్లో వెనకబడింది. సాయంత్రాలు మా ఇంటికి వస్తోంది. ఇప్పటిదాకా ప్రభువు గురించి నేను మొదలుపెట్టి ఏమీ చెప్పలేదు. పోయిన గురువారం ఆ పిల్లే, "టీచర్, మీరు అన్నం ముందు కళ్ళు మూసుకుని ఏమంటారు?" అని అడిగింది. వాళ్ళ అమ్మ ఎదురుగానే చెప్పాను.

మీ కమిటీ మీటింగ్ ఎజెండాలో ఈ విషయం పెడితే నేను వచ్చి మాట్లాడతాను. నాలుగు జతల్లో ఒక జతలో నా పేరు రాసుకోండి. మంగళవారం, శుక్రవారం రోజంతా ఖాళీ. మిగతా రోజుల్లో సాయంత్రం ఐదు తరవాత పిల్లలు చదువుకోవడానికి వస్తారు, అంతకుముందు ఎప్పుడైనా సరే.

క్రీస్తు ప్రేమతో,
మీ సహోదరి,
ఒక రిటైర్డ్ టీచర్,
ఒంగోలు ప్రాంతం